ఊపిరి, ఆయాసం, గుండె వేగం: డాక్టర్ అవతార్ సింగ్ పెయింటల్ పరిశోధన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం ఫిజియాలజీలో జె రిసెప్టర్లు (ఊపిరితిత్తుల్లో ఉండే ఒక రకం నాడీ చివరలు) అని ఒక షార్ట్ నోట్ ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి, పరీక్షలో రాసేసి మర్చిపోతారు. ఆ అరపేజీ వెనక స్వతంత్ర భారతదేశంలో జరిగిన గొప్ప వైద్య పరిశోధనల్లో ఒకటి ఉంది. అది అర్థమైతే, ఆయాసం అంటే ఒంట్లో ఆక్సిజన్ తగ్గిపోవడమేనన్న అభిప్రాయం పోతుంది. కోవిడ్ తర్వాత ఇంటింటికీ ఆక్సీమీటర్ వచ్చింది, దాంతో పాటే ఆ అభిప్రాయమూ బలపడింది. అందుకే ఈ విషయం డాక్టరీ చదివేవాళ్లకే కాదు, అందరికీ తెలియాలి. విద్యార్థులు, ప్రాణాయామం చేసేవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

పెయింటల్ ఎవరు?

అవతార్ సింగ్ పెయింటల్ 1925 సెప్టెంబరు 24న బర్మాలో, కెంపుల గనులకు పేరుపడ్డ మొగోక్‌లో పుట్టారు. లక్నో కింగ్ జార్జ్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పీహెచ్‌డీ చేశారు. చదువు పూర్తయ్యాక ఇండియాకు తిరిగొచ్చి కాన్పూర్‌లోని రక్షణ శాఖ ప్రయోగశాలలో పనిచేశారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ ప్రొఫెసర్ అయ్యారు. అక్కడి నుంచి ఢిల్లీ యూనివర్సిటీ వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్‌గా వెళ్లి దశాబ్దాల పాటు అక్కడే ఉన్నారు. 1981లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా ఎన్నుకుంది. 1986లో పద్మవిభూషణ్ వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా కూడా చేశారు. 2004 డిసెంబరులో కన్నుమూశారు.

ఆయన కనిపెట్టింది జె రిసెప్టర్లేనా, ఇంకేమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. మన లోపలి అవయవాల్లో ఎక్కడికక్కడ సన్నటి నాడీ చివరలు ఉంటాయి. గుండె ఎంత నిండింది, పొట్ట ఎంత సాగింది, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అన్న కబురు మెదడుకు చేరవేసేవి ఇవే. వీటినే గ్రాహకాలు, రిసెప్టర్లు అంటాం. 1953లో పెయింటల్ గుండె పైగదుల్లో, అంటే కర్ణికల్లో, రెండు రకాల గ్రాహకాలు ఉన్నాయని చూపించారు. వాటిలో ఒక రకం కర్ణిక ముడుచుకున్నప్పుడు సంకేతం పంపుతుంది. రెండో రకం కర్ణిక రక్తంతో నిండి సాగినప్పుడు పంపుతుంది. మరుసటి ఏడాది పొట్ట గోడలోని గ్రాహకాల గురించి రాశారు. కడుపు నిండిందని మనకు తెలియడంలో వాటి పాత్ర ఉంది. ఊపిరితిత్తుల్లోని గ్రాహకాల గురించిన వ్యాసం 1955లో వచ్చింది. వాటికి జె అన్న పేరు తర్వాత పెట్టారు.

ఒక్క నాడీ తంతువు ఏం చెబుతోందో ఎలా విన్నారు?

ఆయన గొప్పతనమంతా ఈ పనితనంలోనే ఉందని నా అభిప్రాయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మెదడు నుంచి మెడ గుండా ఛాతీలోకి, అక్కడి నుంచి పొట్టలోకి దిగే పొడవైన నాడి పేరు వేగస్. అందులో వేలాది తంతువులు కలిసి ఉంటాయి. మెదడు నుంచి ఆజ్ఞలు మోసేవి తక్కువ. సుమారు 80 శాతం తంతువులు కింది నుంచి పైకి కబుర్లు తీసుకెళ్లేవే. నాడి మొత్తానికి ఎలక్ట్రోడ్ తగిలిస్తే అన్ని సంకేతాలూ కలగలిసి ఒకటే గోల వినిపిస్తుంది. గుండె మాటేదో, ఊపిరితిత్తి మాటేదో తెలియదు.

పెయింటల్ మత్తులో ఉన్న పిల్లి మెడలో వేగస్‌ను బయటికి తీసి, మైక్రోస్కోపు కింద సన్నటి పరికరాలతో పోగులుగా చీల్చేవారు. పోగు ఆరిపోకుండా పారఫిన్ నూనెలో ఉంచి, ఒక్క తంతువు మాత్రమే పలికేదాకా చీలుస్తూ పోవాలి. చెయ్యి కాస్త వణికితే తంతువు చచ్చిపోతుంది, మళ్లీ మొదటికి. దొరికిన పోగును సన్న తీగ మీద వేసి, సంకేతాన్ని పెద్దది చేసి తెర మీద చూస్తారు, స్పీకర్లో వింటారు. ఒక్కో సంకేతం ఒక్కో టిక్కుమన్న చప్పుడు.

జె రిసెప్టర్ల తంతువులు మరీ సన్నవి, సంకేతాన్ని వేగంగా నడిపే మైలిన్ అనే కొవ్వు పూత కూడా పైన లేనివి. సంకేతం వాటిలో చాలా నెమ్మదిగా నడుస్తుంది. మామూలుగా ఊపిరి తీసుకుంటున్నప్పుడు అవి దాదాపు మౌనంగా ఉంటాయి. అరుదుగా ఓ టిక్కు, అంతే. అప్పుడు పెయింటల్ ఫినైల్ డైగ్వానైడ్ అనే రసాయనాన్ని రక్తనాళంలోకి ఎక్కించారు. ఒకటి రెండు సెకన్లలో ఆ తంతువు ఒక్కసారిగా టకటకటకమని మోగిపోయింది. మందు గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల్లోకి చేరడానికి సరిపోయే సమయం అది. ఒళ్లంతా తిరిగి రావడానికి చాలదు. కాబట్టి గ్రాహకం ఉన్నది ఊపిరితిత్తుల్లోనే, అదీ వాటి రక్తనాళాల పక్కనే. బంగాళదుంప పిండిని కూడా రక్తంలోకి ఎక్కించి చూశారు. ఆ రేణువులు ఊపిరితిత్తుల్లోని సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే గ్రాహకాలు ఎలా స్పందిస్తాయో తెలుసుకోవడానికి ఆ ప్రయోగం.

ఎక్కడ ఉందో చూడకుండా, ఎంత సేపటికి పలికిందన్న లెక్కతోనే ఆ గ్రాహకం చిరునామా కనిపెట్టడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

జె అంటే ఏమిటి? ఆ పేరెందుకు?

జక్స్టా పల్మనరీ క్యాపిలరీ అన్న మాటలోని మొదటి అక్షరం. ఊపిరితిత్తుల కేశనాళికల (అతి సన్నటి రక్తనాళాల) పక్కన ఉండేవి అని భావం. 1955లో వీటిని డిఫ్లేషన్ రిసెప్టర్లు అన్నారు, ఎందుకంటే ఊపిరితిత్తి కుంచించుకుపోయినప్పుడు ఇవి పలకడం కనిపించింది. కానీ అది అసలు పని కాదని పెయింటలే తర్వాత తేల్చారు. 1969 వ్యాసంలో వీటిని నిజంగా కదిలించేది ఏమిటో చెప్పి, జె రకం అని పిలిచారు.

మరి వీటిని నిజంగా కదిలించేది ఏమిటి?

ఊపిరితిత్తుల్లో గాలి సంచికీ పక్కనే ఉన్న కేశనాళికకూ మధ్య చాలా సన్నటి సందు ఉంటుంది. నాళంలో ఒత్తిడి పెరిగితే రక్తంలోని నీరు ఆ సందులోకి ఊరుతుంది. వాన నీరు పీల్చుకున్న మట్టిగోడలా అక్కడి కణజాలం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు జె రిసెప్టర్‌ను సాగదీస్తుంది, అది మోగడం మొదలుపెడుతుంది.

మామూలుగా ఈ ఒత్తిడి పెరిగేది గుండె ఎడమవైపు బలహీనపడ్డప్పుడు. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైనా అంతే. రుమాటిక్ జ్వరం వల్ల మన దేశంలో ఆ జబ్బు ఎంతో మందికి వచ్చింది. ముందుకు వెళ్లాల్సిన రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. ఎత్తైన కొండల మీదికి ఒక్కసారిగా వెళ్లినవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బులోనూ ఇదే తీరు. 1962 యుద్ధ సమయంలో హిమాలయాలకు హడావిడిగా పంపిన మన సైనికుల్లో ఆ జబ్బును భారత సైనిక వైద్యులు పెద్ద సంఖ్యలో చూశారు.

జె రిసెప్టర్లు మోగితే ఒంట్లో ఏమవుతుంది?

జంతువుల్లో ఒక్కసారిగా గట్టిగా ప్రేరేపిస్తే మొదట ఊపిరి కాసేపు ఆగిపోతుంది. తర్వాత వేగంగా, పైపైన రొప్పడం మొదలవుతుంది. గుండె వేగం తగ్గుతుంది, రక్తపోటు పడిపోతుంది. ఈ మూడూ వేగస్ నాడి ద్వారానే జరుగుతాయి. మెడలో వేగస్‌ను కోసేస్తే ఇవేవీ జరగవు.

మనుషుల్లో లోబెలిన్ అనే మందును రక్తనాళంలోకి ఎక్కించి చూశారు. గొంతులో, ఛాతీ పైభాగంలో ఏదో పట్టేసినట్టు, ఊపిరాడనట్టు అనిపించి పొడి దగ్గు వచ్చింది. గుండె జబ్బు మనుషులు చెప్పే మాటలు గుర్తొస్తాయి కదా: గొంతు దగ్గర పట్టేసినట్టుంది డాక్టరుగారూ, కఫం పడట్లేదు కానీ దగ్గు ఆగట్లేదు అంటారు.

ఆక్సీమీటర్‌లో 97 ఉంది, అయినా ఆయాసం ఎందుకు?

ఆక్సీమీటర్ ఒకే ఒక్క విషయం చెబుతుంది: రక్తంలోని హీమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో. ఆయాసం అంతకంటే పెద్ద విషయం.

ఊపిరిని నడిపేవి చాలా ఉన్నాయి. మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట బియ్యపు గింజంత అవయవం ఒకటి ఆక్సిజన్‌ను గమనిస్తుంటుంది. దాని పని కనిపెట్టినందుకే బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. మెదడు అడుగుభాగమైన మజ్జాముఖం కార్బన్ డయాక్సైడ్‌ను గమనిస్తుంటుంది. నిజానికి మామూలుగా మన ఊపిరిని నడిపేది ఆక్సిజన్ కన్నా కార్బన్ డయాక్సైడే. బ్రిటన్‌లో హాల్డేన్, ప్రీస్ట్లీ 1905లోనే ఇది చూపించారు: ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ 0.2 శాతం పెరిగితే చాలు, విశ్రాంతిలో లోపలికి వెళ్లే గాలి రెట్టింపవుతుంది.

వీటన్నిటితో పాటు ఊపిరితిత్తుల నుంచే సొంతంగా వచ్చే కబురు ఉంది. జె రిసెప్టర్లు మోసేది దాన్నే. గుండె నీరసపడి ఊపిరితిత్తుల సందుల్లోకి నీరు ఊరడం మొదలైన తొలిదశలో ఆక్సిజన్ ఇంకా పడిపోయి ఉండదు. మీటర్ మీద అంకె బాగానే ఉంటుంది. రోగి మాత్రం రొప్పుతుంటాడు. అతను చెప్పేది నిజం. మీటర్ చెప్పేదీ నిజమే. రెండూ వేర్వేరు విషయాలు చెబుతున్నాయి. అంకె బాగుంది కాబట్టి అదంతా టెన్షన్ వల్లే అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

లండన్‌లో అబ్రహం గజ్ బృందం 1960ల్లో ఆరోగ్యవంతుల వేగస్ నాడులకు రెండువైపులా మత్తు ఇచ్చి చూసింది. వాళ్లు మామూలు కన్నా ఎక్కువ సేపు ఊపిరి బిగబట్టగలిగారు. ఊపిరాడట్లేదన్న బాధలో వేగస్ మోసుకెళ్లే కబురుకు వాటా ఉందనడానికి ఇది గట్టి రుజువు.

గుండె వేగానికీ ఊపిరికీ సంబంధం ఏమిటి? నేనే పరీక్షించుకోవచ్చా?

ఇప్పుడే చూసుకోవచ్చు. ప్రశాంతంగా కూర్చుని, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక పక్కన రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. మెల్లగా, లోతుగా ఊపిరి పీల్చండి. నాడి కాస్త వేగం అందుకుంటుంది. మెల్లగా వదలండి. నాడి నెమ్మదిస్తుంది. పిల్లల్లో, వయసులో ఉన్నవాళ్లలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. చక్కెర జబ్బు వల్ల నాడులు దెబ్బతిన్నవాళ్లలోనూ తగ్గిపోతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే పరీక్షల్లో ఇదొకటి.

జర్మనీలో కార్ల్ లుడ్విగ్ 1847లో కుక్కల మీద, తాను తయారుచేసిన కైమోగ్రాఫ్‌ (తిరిగే డ్రమ్ము మీద గీత గీసే పరికరం)తో దీన్ని నమోదు చేశాడు. కారణం మళ్లీ వేగసే. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 సార్లు దాకా కొట్టుకుంటుంది. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లకు నాడులు తెగిపోయి ఉంటాయి, వాళ్ల గుండె విశ్రాంతిలో కూడా అంత వేగంగానే నడుస్తుంది. మన గుండె 70 దగ్గర ఉంటోందంటే వేగస్ నిరంతరం కళ్లెం పట్టుకుని ఉంది కాబట్టి. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు మజ్జాముఖంలోని శ్వాస కేంద్రం ఆ కళ్లాన్ని కాస్త వదులుతుంది, ఊపిరితిత్తులు సాగిన కబురూ అందుకు సాయపడుతుంది. ఊపిరి వదిలేటప్పుడు కళ్లెం మళ్లీ బిగుస్తుంది.

ఈసీజీ రిపోర్టులో సైనస్ అరిథ్మియా అని చూసి గుండె జబ్బు వచ్చిందని కంగారుపడి వచ్చే కుర్రాళ్లు ఉంటారు. అక్కడ రాసింది సాధారణంగా ఇదే. జబ్బు కాదు.

నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే గుండెకు మంచిదంటారు. శాస్త్రం ఏమంటోంది?

నిమిషానికి సుమారు 6 సార్లు ఊపిరి తీసుకుంటే ఊపిరి లయ, రక్తపోటును సర్దే వ్యవస్థ లయ ఒకటితో ఒకటి కలుస్తాయి. అప్పుడు గుండె వేగంలోని ఎగుడుదిగుళ్లు బాగా పెద్దవవుతాయి. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మేరీ మాత జపం, ఓం మణి పద్మే మంత్రం చదివించి చూసింది. రెండూ ఊపిరిని దాదాపు అదే నిమిషానికి 6 దగ్గరికి తెచ్చాయి, రక్తపోటును సర్దే ప్రతిస్పందన చురుకైంది.

అనులోమ విలోమం, దీర్ఘ శ్వాస చేసేవాళ్లకు మనసు నెమ్మదించడం వెనక ఈ యంత్రాంగం ఉందనుకోవచ్చు. చేయండి, మంచిదే. బీపీ మాత్ర మానేయడానికి మాత్రం అది కారణం కాకూడదు.

యోగులు గుండెను ఆపగలరా?

1961లో వెంగర్, బాగ్చీ అనే ఇద్దరు అమెరికా నుంచి వచ్చి, ఎయిమ్స్ ఫిజియాలజీ ఆచార్యులు బి. కె. ఆనంద్‌తో కలిసి చేసిన పరిశోధన ప్రచురించారు. గుండె ఆపగలమన్న యోగులను పరికరాలతో పరీక్షించారు. మణికట్టు దగ్గర నాడి అందలేదు. స్టెతస్కోపుకు గుండె చప్పుడు వినిపించలేదు. ఈసీజీలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. ఊపిరి బిగబట్టి, ఛాతీ, పొట్ట కండరాలు గట్టిగా బిగిస్తే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, నాడి అందనంత బలహీనమవుతుంది. అది కూడా తక్కువ సాధన కాదు. కానీ గుండె ఆగలేదు. మిమ్మల్ని ఎవరైనా ఇలా చేసి చూపమంటే చేయకండి, ముఖ్యంగా గుండె జబ్బు, బీపీ ఉంటే.

ఈత కొట్టేముందు గబగబా ఊపిరి తీసుకుంటే నీళ్లలో ఎక్కువ సేపు ఉండొచ్చా?

ఉండొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. గబగబా పీల్చి వదిలితే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఇక పైకి రమ్మని తొందరపెట్టేది కార్బన్ డయాక్సైడే. ఆ హెచ్చరిక ఆలస్యమై, అది వచ్చేలోపే ఆక్సిజన్ అయిపోయి నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. చెరువుల్లో, కాలువల్లో, వ్యవసాయ బావుల్లో ఈత కొట్టే మన పిల్లలకు పందేలు సరదా. ఈ సంగతి వాళ్లకు తప్పకుండా చెప్పండి.

కొండ మెట్లెక్కుతుంటే కాళ్లు మొరాయించేది కూడా జె రిసెప్టర్ల వల్లేనా?

పెయింటల్ ఆలోచన అదే. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. గబగబా ఎక్కితే గుండె పంపే రక్తం బాగా పెరిగి, ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు జె రిసెప్టర్లు కాళ్ల కండరాలను సడలించి మనిషిని ఆపుతాయని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరకుండా అది ఒక రక్షణ అని ఆయన ప్రతిపాదించారు. ఎంతో అందమైన ఆలోచన. దేశ్‌పాండే, దేవానందన్ 1970లో పిల్లుల్లో ఆ గ్రాహకాలను ప్రేరేపిస్తే కండరాల ప్రతిచర్యలు నిజంగానే అణగడం చూపించారు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి రుజువు దొరకలేదు. 1998లో ఆస్ట్రేలియాకు చెందిన గాందేవియా బృందం మనుషులకు లోబెలిన్ ఎక్కించి కొలిస్తే, ఊపిరాడని బాధ వచ్చింది కానీ కండరాల బలం తగ్గలేదు. కాబట్టి మెట్ల మీద కాళ్లు పట్టేయడాన్ని జె రిసెప్టర్ల ఖాతాలో వేయడం తొందరపాటే. పుస్తకాల్లో దీన్ని ఖాయమైన విషయంగా రాసేస్తుంటారు, అది నాకు నచ్చదు. పరిశోధనలో శాస్త్రీయ నిజాయితీ కోసం 1986లో సొసైటీ ఫర్ సైంటిఫిక్ వాల్యూస్ పెట్టిన వాళ్లలో ముందున్న మనిషి పెయింటల్. ఆయన పేరు మీద రుజువు లేని మాట చెప్పకూడదు.

ఈ పేరు అందరూ ఒప్పుకున్నారా?

గ్రాహకాలు ఉన్నాయనడంలో తగాదా లేదు. అమెరికాలో హేజెల్, జాన్ కోల్‌రిడ్జ్ దంపతులు వీటిని పల్మనరీ సి ఫైబర్లు (ఊపిరితిత్తుల్లోని మైలిన్ లేని సన్న తంతువులు) అనే పిలిచారు, చాలామంది పరిశోధకులు ఆ పేరే వాడతారు. పరీక్షలో రెండు పేర్లూ రాస్తే నష్టం లేదు.

పరీక్షకు తక్కువలో ఏం గుర్తుపెట్టుకోవాలి?

ఎక్కడ: కేశనాళిక పక్క సందులో. దేనికి స్పందిస్తాయి: రక్తం నిలిచిపోయి నీరు ఊరడానికి. దారి: వేగస్‌లోని సి ఫైబర్లు. ఫలితం: ఊపిరి ఆగి, తర్వాత పైపైన వేగంగా రొప్పడం, గుండె వేగమూ బీపీ తగ్గడం. రాసేటప్పుడు పెయింటల్ పేరు, 1955 మర్చిపోకండి.

ఆయాసం వస్తే ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దిండ్లు పెంచుకోవాల్సి వస్తున్నా, అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటున్నా, నిన్నటిదాకా ఇబ్బంది లేని పనికి ఇవాళ రొప్పు వస్తున్నా, కాళ్లు వాస్తున్నా ఆలస్యం చేయకండి. గుండె వెనకపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని చెప్పే గుర్తులివి. ఛాతీ నొప్పి, చల్లని చెమటలు, గులాబీ రంగు నురగతో దగ్గు ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా మనిషిని పడుకోబెట్టకుండా, వెనక దిండ్లు పెట్టి, కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టండి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆక్సీమీటర్ అంకె ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఏ పనికి ఆయాసం వస్తోంది, ఎన్ని దిండ్ల మీద పడుకుంటున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇవి కూడా చెప్పండి.